తెండుప్ బండిలోని ఇత్తడి నట్టు

తెండుప్ భార్య కొండ దిగి వచ్చేసరికి గ్యాల్జెన్ తన పాత రోవర్ జీపు బానెట్ కింద నడుం దాకా దూరి ఉన్నాడు. కూతురు యాంగ్జీ పక్కనే నిలబడి పానాలు అందిస్తోంది. వచ్చిందెవరో, ఎందుకొచ్చిందో ఇద్దరికీ తెలుసు. ఏటా ఆవిడ ఇదే రోజున వస్తుంది.

వానాకాలమంతా మూసి ఉంచిన సందక్‌ఫూ కొండ దారిని మర్నాడు తెరుస్తారు. తెరిచే ముందు మానేభంజ్యాంగ్ ఊళ్ళోని జీపుల స్టాండులో రోవర్లన్నిటినీ కడిగి వరసగా నిలబెట్టి, ఆ దారి మీద ప్రాణాలు పోయిన డ్రైవర్ల పేర్లు లామా చేత చదివిస్తారు. తెండుప్ పేరు మాత్రం చదవరు. తాగి బండి తోలినవాడి పేరు అక్కడ పలకకూడదని డ్రైవర్ల సంఘం కట్టుబాటు. తెండుప్ యాంగ్జీకి స్వయానా మేనమామ. పోయి ఏడేళ్ళయింది.

"రా మైజూ, కూర్చో," అంది యాంగ్జీ నేల చూస్తూ. అత్తను ఆ పిల్ల అలాగే పిలుస్తుంది.

ఆవిడ కూర్చోలేదు. బానెట్ కింద కనబడుతున్న ఆడబిడ్డ మొగుడి కాళ్ళతోనే మాట్లాడింది.

"జువాయీ, ఈసారైనా చెప్తారా, లేదా?"

"ఏం చెప్పమంటారు దీదీ?" లోపలి నుంచి గొంతు వచ్చింది.

"తెలీనట్టు అడక్కండి. ఆయన పేరు. సంఘంలో మీ మాటకు విలువుంది. మీరొక్కరు చదవమంటే చదువుతారు."

"ఆ రోజు లోయలోంచి మోసుకొచ్చింది నేను. నా భుజం మీదే ఉన్నాడు. వాసన తగిలింది నా ముక్కుకే. అందరి ముందూ అబద్ధమెలా ఆడను?"

"తాగలేదని చెప్పమన్నానా? ఇంజను ముందు ఆగింది, ఆ తర్వాతే బండి వెనక్కి జారింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను. రొప్పుకుంటూ ఎక్కుతున్న బండి ఉన్నట్టుండి నోరు మూసేసింది. ఏడేళ్ళుగా చెప్తున్నా. లామాకు ఒక చెవే వినబడదు, మీకు రెండూ వినబడవు."

"తాగినవాడు గేరు తప్పేస్తే ఇంజను ఆగదా దీదీ?"

"ఇరవై ఏళ్ళు అదే వంపు ఎక్కినవాడు గేరు తప్పేస్తాడా? మీరు అన్నం తినేటప్పుడు నోరెక్కడుందో వెతుక్కుంటారా?"

యాంగ్జీ పెదవి కొరుక్కుంది. నవ్వు రాబోయి ఆగింది. తండ్రి మెడ వెనక చర్మం ఎర్రబడటం చూసింది మరి. ఆయన చేతిలో ఉన్న పానాను విసురుగా ఒక్క గుంజు గుంజాడు.

టక్కుమని చిన్న చప్పుడైంది. ఆ వెంటనే పెట్రోలు వాసన.

గ్యాల్జెన్ మెల్లగా బయటికొచ్చాడు. అరచేతిలో ఇత్తడి నట్టు ఉంది. మధ్యకు చీలిపోయింది. ట్యాంకు నుంచి వచ్చే సన్నని గొట్టాన్ని పెట్రోలు పంపుకు బిగించి ఉంచే నట్టు అది. లోపలుండే ఇత్తడి ఉంగరం కూడా వంకరపోయింది.

"చూశారా దీదీ," అన్నాడు. ఆ మాటలో కోపం కంటే నీరసమే ఎక్కువగా ఉంది.

ఆవిడ ఆ నట్టును చూసింది, ఆయన్నీ చూసింది. "నేను విరగ్గొట్టానా?" అని శాలువా సర్దుకుని వచ్చిన దారినే, పైన చిత్రేలో ఉన్న తన టీకొట్టు వైపు వెళ్ళిపోయింది.

*

స్టాండులో చాలామంది తమ రోవర్లకు పాత ఇంజన్లు పీకేసి డీజిలువి పెట్టించుకున్నారు. గ్యాల్జెన్‌కు మనసొప్పలేదు. ఆ బండి తేయాకు తోటల దొరల కాలంలో ఎలా వచ్చిందో అలాగే ఉంది. అందులోని ప్రతి నట్టు మర గాడీ పాత ఇంగ్లీషు కొలతదే. ఇప్పటి నట్లు దానికి పట్టవు. చూడటానికి ఒకేలా ఉంటాయి, పట్టినట్టే పట్టి మోసం చేస్తాయి.

యాంగ్జీ మెకానిక్ హర్కధోజ్ దగ్గరికి వెళ్తే ఆయన పాత బిస్కెట్ల డబ్బా బోర్లించాడు. సంఘానికి పెద్ద కూడా ఆయనే.

"ఏరుకో నానీ. ఇందులో నా పళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి," అన్నాడు.

యాంగ్జీ ఒక్కొక్కటే చీలిన నట్టు పక్కన పెట్టి చూసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి ఇనుపది. ఒకటి సరిపోయేలా ఉంది గానీ దాని మర అరిగి అద్దంలా నున్నగా అయిపోయింది.

"పాత నట్టుకే మీ నాన్న గుడ్డ ఉందిగా, నాలుగు చుట్లు చుట్టేయమను," అన్నాడు హర్కధోజ్.

"చీలిపోయింది కాకా. చుట్టినా ఆగదు."

పెట్రోలు కారితే గుడ్డ చుట్టడం ఆ స్టాండుకు గ్యాల్జెన్ నేర్పిన పద్ధతే. ఇంటి మీద ఎగిరి ఎగిరి రంగు వెలిసిన మంత్రాల జెండాలోంచి సన్నని పీలిక చించి, తడి సబ్బులో దొర్లించి, నట్టు మర మీద చుట్టి బిగిస్తాడు. సబ్బు పెట్రోలుకు కరగదు. మంత్రం ఉన్న గుడ్డ కాబట్టి పై నుంచి కాపలా కూడా. ఇప్పుడు పెట్రోలు బండ్లకైనా డీజిలు బండ్లకైనా అందరూ అదే చుడుతున్నారు.

షేర్ జీపు ఎక్కి యాంగ్జీ సుఖియా బజారుకు వెళ్ళింది. అక్కడి దుకాణదారు చీలిన నట్టును వేళ్ళ మధ్య దొర్లించి నవ్వాడు.

"ఇది మా నాన్న అమ్మిన సరుకు. కావాలంటే ఆయన్నే అడగాలి. ఆయన పోయి పదేళ్ళయింది."

అంటూనే ఒకటి ఇచ్చాడు. మెరుస్తున్న కొత్తది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఆ పిల్ల దారంతా దేవుడికి మొక్కుకుంటూ వచ్చింది. గ్యాల్జెన్ వేళ్ళతోనే తిప్పాడు. రెండు చుట్లు హాయిగా తిరిగి బిగుసుకుపోయింది.

"ఆపా, ఇంకొంచెం పానాతో తిప్పితే?" అని తండ్రిని అడిగింది యాంగ్జీ.

"పంపు మర కూడా తెగిపోతుంది. అప్పుడిక బండిని కోళ్ళగూడు చేసుకోవాలి." ఆయన నట్టు తీసి బల్ల మీద పెట్టాడు. "రేపు మన బండి వరసలో ఉండదులే."

ఆయన ఆ వరస తప్పడం ఎవరూ ఎరగరు. యాంగ్జీ తల్లి డికీ వాకిట్లో కొత్త జెండాలు కుడుతూ ఇదంతా వింటోంది. సూదిని ఒక్క క్షణం ఆపింది, మళ్ళీ కుట్టింది. అన్న పేరు చదవరని ఆవిడా స్టాండుకు వెళ్ళడం మానేసి ఏడేళ్ళయింది. ఆ మాట మొగుడి ముందు ఎన్నడూ ఎత్తదు.

కోళ్ళగూడు అన్న మాట దగ్గరే యాంగ్జీకి ఆ ఆలోచన వచ్చింది. అత్త ఇంటి వెనక కోళ్ళు కాపురముంటున్నది ఒక రోవర్‌లోనే. మామయ్య బండిలో.

ముసలిదై ఆగిపోయిన బండినయితే స్టాండు మొత్తం పంచుకుంటుంది. ఒకరికి ఇరుసు, ఒకరికి గేర్లు, ఒకరికి తలుపు. పడిపోయిన బండి జోలికి మాత్రం ఎవరూ వెళ్ళరు. దాని ముక్క పెట్టుకుంటే అది మన బండిని కూడా ఆ వంపు దగ్గరికే లాక్కుపోతుందంటారు. అందుకే తెండుప్ బండిని ముక్కలుగా పైకి తెచ్చి అతని భార్యకు అప్పగించి చేతులు దులుపుకున్నారు. అది కూడా పెట్రోలు బండే. అదే వయసుది.

తండ్రికి చెబితే వద్దంటాడు. యాంగ్జీ చెప్పలేదు. పానాలు రెండు సంచిలో వేసుకుని చిత్రే ఎక్కుడు దారి పట్టింది.

*

దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంది. టీకొట్టు గుమ్మంలోకి వచ్చేసరికి ఒక్క ముక్కా గుర్తు లేదు. అత్త పొయ్యి ఊదుతోంది.

"నట్టు కావాలి," అంది యాంగ్జీ. అంతే వచ్చింది నోట్లోంచి.

అత్త ఊదడం ఆపి చూసింది. తర్వాత పడీ పడీ నవ్వింది. "పొద్దున నన్ను గాలికి వదిలేసి, సాయంత్రానికి కూతుర్ని పంపాడా?"

"ఆపా పంపలేదు. నేనే వచ్చాను."

"నువ్వే? నోట్లో వేలు పెట్టినా కొరకవు కదే!" ఉప్పు టీ పోసి చేతికిచ్చింది. "పడ్డ బండి నట్టు పెట్టుకుంటాడా మీ నాన్న?"

"చెప్పకుండా పెట్టేస్తాను."

అత్త మొహంలో నవ్వు పోయింది. కాసేపు ఆ పిల్లనే చూసింది. "తీసుకో. ఊరికే కాదు. రేపు మీ నాన్న నోటితో ఆయన పేరు పలకాలి. పలికిస్తావా?"

యాంగ్జీ తల ఊపింది. ఎలా పలికిస్తుందో ఆ పిల్లకే తెలీదు.

వెనక వెదురు పాకలో బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. కప్పు నలిగిపోయింది. సీట్లలో గడ్డి, గడ్డిలో కోళ్ళు. అత్త కోళ్ళను అదిలించింది. యాంగ్జీ ఇంజను పక్క నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమింది. పంపు ఉంది. గొట్టం ఉంది. వాటి మధ్య, మట్టి కప్పుకుని, నట్టు కూడా ఉంది. కిరసనాయిలు పోసి కాసేపు నాననిచ్చి పానా వేసింది. రెండుసార్లు జారి మూడోసారికి కదిలింది. గొట్టం ముక్కతో సహా ఊడి చేతిలోకి వచ్చింది.

కొంగుతో తుడిస్తే లోపలి నుంచి ఇత్తడి పచ్చగా తొంగి చూసింది. మర ఒక్క గీతైనా చెడలేదు.

"దొరికింది మైజూ!"

ఏ గొట్టం విప్పినా ముందు నోటితో ఊదమని తండ్రి నేర్పాడు. అలవాటు కొద్దీ ఊదింది. గాలి పోలేదు. బుగ్గలు పూరించి మళ్ళీ ఊదింది. ఊహూఁ. మట్టి పట్టి ఉంటుందనుకుంది. జడలోంచి పిన్ను తీసి లోపల కెలికింది. పిన్నుకు మెత్తగా ఏదో తగిలింది. లాగితే సాగుతూ, సాగుతూ బయటికొచ్చింది.

గుడ్డ పీలిక. వేలెడు పొడుగు. ఒక కొస నట్టు మర దగ్గర నలిగి ఉంది. రెండో కొస ఉండలా చుట్టుకుని గొట్టం నోట్లోకి బిరడాలా దిగబడిపోయి ఉంది. నల్లగా, జిడ్డుగా ఉంది. మడత విప్పితే లోపల ఇంకా పసుపు రంగు మిగిలే ఉంది. మంత్రాల జెండాల మీద ఉండే గాలిగుర్రం కాళ్ళ అచ్చు కనిపించింది. అంచు వెంబడి ఆకుపచ్చ దారం, జంట కుట్టు.

ఆకుపచ్చ దారంతో జంట కుట్టు వేసేది ఆ కొండల్లో ఒక్కరే. యాంగ్జీ తల్లి.

ఆ పిల్లకు ఏడేళ్ళ కిందటి సంగతి కళ్ళ ముందు మెదిలింది. అప్పుడు తనకు తొమ్మిదేళ్ళు. మామయ్య బండి తమ వాకిట్లో ఆగి ఉంది. పెట్రోలు చుక్క చుక్కగా కారుతోంది. నాన్న నవ్వుతూ పీలిక చింపి సబ్బులో దొర్లించి చుట్టాడు. "ఇక చుక్క కారితే నా చెవి కోసి చేతికిస్తాను, జెఠాన్," అన్నాడు బావమరిదితో. "నీ చెవి నాకెందుకు, కోడినైతే కోయి," అన్నాడు మామయ్య. అందరూ నవ్వారు. మర్నాడే మామయ్య పోయాడు.

పెట్రోలు లాక్కునే ఊపుకు వదులుగా ఉన్న కొస లోపలికి పోయింది. నిటారుగా ఉన్న ఎక్కుడులో, బండికి అన్నిటికంటే ఎక్కువ పెట్రోలు కావలసిన చోట, దారి మూసేసింది. ఇంజను నోరు మూసుకుంది. అత్త విన్నది నిజమే. ఏడేళ్ళుగా ఆవిడ ఒక్కతే చెబుతున్నది నిజమే.

"ఏమిటే అది?" అత్త గుమ్మం దగ్గర నుంచి అడిగింది. వెలుతురు చాలక ఆవిడకు కనబడలేదు.

యాంగ్జీ గుప్పిట మూసింది. "చెత్త మైజూ."

ఆ అబద్ధం తన నోట్లోంచే వచ్చిందా అని ఆ పిల్లకే అనుమానం వేసింది.

"చెత్తకు అలా తెల్లబోతావేం? దయ్యం పట్టినట్టు! ఇంద, ఈ గుడ్లు మీ అమ్మకివ్వు. చెప్పింది గుర్తుందిగా? పేరు."

*

మంచు దిగింది. యాంగ్జీ కాళ్ళు వాటంతట అవే నడిచాయి. ఒక చేతిలో నట్టు, ఇంకో చేతిలో పీలిక. గుడ్ల సంచి మోచేతికి వేలాడుతోంది. మామయ్య జారిపోయిన వంపు చిత్రేకు పైన ఉంది, తను నడుస్తున్నది కిందికి. అయినా ప్రతి మలుపులో లోయ అంచుకు దూరంగా జరిగి నడిచింది. పీలికను దారి పక్కన పారేస్తే? పారేయలేదు. మంత్రాల గుడ్డ నేల మీద పడకూడదని పుట్టినప్పటి నుంచీ విన్నది. పారేయకపోవడానికి అదొక్కటే కారణమా అంటే కాదు.

గ్యాల్జెన్ ఇంకా బండి దగ్గరే ఉన్నాడు. కూతురు చెయ్యి చాపి నట్టు చూపించగానే ఆయన మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. అడగనైనా అడగకుండా తీసుకుని పంపు మీద పెట్టి వేళ్ళతో తిప్పాడు. నట్టు అక్కడే పుట్టినట్టు చివరి దాకా మెత్తగా తిరిగింది.

"అరే! ఎక్కడ దొరికిందే నీకు? మా యాంగ్జీ ఉండగా నాకేం తక్కువ! డికీ, ఇలా రా! నీ కూతురేం తెచ్చిందో చూడు!"

డికీ పిండి చేతులతో బయటికొచ్చింది.

"మామయ్య బండిలోది," అంది యాంగ్జీ.

గ్యాల్జెన్ చెయ్యి ఆగింది. "ఏ బండిలోది?"

"దీంట్లో ఇది ఉంది ఆపా." రెండో గుప్పిట తెరిచింది.

గ్యాల్జెన్ ముందు అర్థం కానట్టు చూశాడు. వంగి రెండు వేళ్ళతో పీలికను ఎత్తాడు. గొట్టం నోట్లో కూరుకుపోయి గట్టిపడ్డ ఉండను చూశాడు. ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది. గొట్టాలు, పంపులు ఆయనకు అన్నం ముద్దంత తెలుసు. మొహంలో రక్తం కిందికి దిగిపోవడం యాంగ్జీ కళ్ళారా చూసింది. బండి మడ్‌గార్డు పట్టుకున్నాడు.

డికీ దగ్గరికొచ్చింది. పచ్చదారం కుట్టును పిండి వేలితో ఒకసారి తాకింది. తాకి, నిప్పు అంటుకున్నట్టు వెనక్కి లాక్కుంది.

"ఇది దాదా కోసం, మా అన్న కోసం కుట్టిన జెండా," అంది. గొంతు ఆవిడది కాదన్నట్టుంది. "ఒక్క ముక్క చాలు, కుట్టు పాడుచేయనని అడిగి చింపుకున్నావు."

"డికీ..."

"తాగి చచ్చాడన్నావు. మా అమ్మ చచ్చేదాకా కొడుకు తాగుబోతని తలొంచుకునే బతికింది."

"వాసన వచ్చింది డికీ. నిజంగా వచ్చింది. ఇది... ఇది నాకు..." ఆయన పంపు మీదున్న నట్టును విప్పడం మొదలుపెట్టాడు. నాలుగుసార్లు వేళ్ళ నుంచి జారిపోయింది. ఏ పని చేసినా పట్టు తప్పని చేతులవి. యాంగ్జీ సాయం చేయబోతే తల అడ్డంగా ఊపాడు.

ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. డికీ కుడుతున్న కొత్త జెండాలు సూదితో సహా వాకిట్లోనే ఉండిపోయాయి.

*

పొద్దున స్టాండంతా సాంబ్రాణి పొగ. కడిగిన రోవర్లు బంతిపూల దండలతో వరసగా నిలబడ్డాయి. గ్యాల్జెన్ బండి చోటు మాత్రం ఖాళీగా ఉంది. పైకి వెళ్ళాల్సిన యాత్రికులు సంచులు తగిలించుకుని ఒక పక్కన ఫొటోలు తీసుకుంటున్నారు.

"గ్యాల్జెన్ దాయ్, బండి లేకుండా కాలినడకన వెళ్తావా సందక్‌ఫూ?" ఎవరో అరిచారు.

"ఆయనకేం, వీపు మీద ఇద్దర్ని మోస్తాడు!" ఇంకొకరు అందుకున్నారు.

గ్యాల్జెన్ నవ్వలేదు. డికీ ఆయన వెనక వచ్చింది. ఏడేళ్ళ తర్వాత ఆవిడను అక్కడ చూసి నవ్వులు తగ్గాయి. అత్త కూడా కొండ దిగి వచ్చింది. ఎప్పటిలాగే గుంపుకు దూరంగా, రోడ్డుకు అవతల నిలబడింది. ఆవిడ కళ్ళు యాంగ్జీని వెతికి పట్టుకున్నాయి. యాంగ్జీ తల దించుకుంది.

లామా ఒక్కొక్క పేరే చదువుతున్నాడు. ఒక్కో పేరుకు ఆ ఇంటివాళ్ళు ఒక దీపం వెలిగిస్తున్నారు. చివరి పేరు అయిపోయింది. లామా కళ్ళద్దాలు తీయబోయాడు.

"ఇంకొకటి ఉంది," అన్నాడు గ్యాల్జెన్.

హర్కధోజ్ నుదురు ముడిపడింది. "ఏంటి దాయ్? ఏటా లేనిది..."

"తెండుప్ పేరు."

స్టాండులో గుసగుసలు లేచాయి. "కట్టుబాటు నీకు తెలీదా?" అన్నాడు హర్కధోజ్. "నువ్వేగా మోసుకొచ్చావు? తాగున్నాడని చెప్పింది నువ్వేగా?"

"తాగున్నాడు. బండి పడింది అందుకు కాదు." గ్యాల్జెన్ చెయ్యి చాచాడు. అరచేతిలో నట్టు, దాని మీద నల్లబడ్డ పీలిక. "ముందు రోజు నేను చుట్టిన గుడ్డ. గొట్టంలోకి పోయింది. పెట్రోలు ఆగింది. ఎక్కుడులో ఇంజను చచ్చిపోయింది. చుట్టింది నేనే. చంపింది..."

గాలికి దీపాలు రెపరెపలాడాయి.

అత్త రోడ్డు దాటి వచ్చింది. ఒక్కో అడుగూ నేల ఉందో లేదో చూసుకుంటున్నట్టు వేసింది. ఆయన అరచేతిలోకి తొంగి చూసింది. నిన్న తన పాకలో చెత్త అన్నది ఇదేనని ఆవిడకు తెలిసిపోయింది. యాంగ్జీ వైపు ఒక్క చూపు చూసింది. తిట్టలేదు. అంతకంటే తిడితేనే బాగుండుననిపించింది యాంగ్జీకి.

"ఎప్పుడు తెలిసింది?" అని గ్యాల్జెన్‌ను అడిగింది.

"నిన్న సాయంత్రం దీదీ. అంతకు ముందు తెలీదు. ఒట్టు..."

"ఇంజను ముందు ఆగిందని నేను చెప్పలేదూ?"

"చెప్పారు."

"ఎన్నిసార్లు చెప్పాను?"

గ్యాల్జెన్ తల వంచుకున్నాడు.

"నీకు చెప్పాను!" ఆవిడ ఒక్కసారిగా అరిచింది. ఇన్నేళ్ళలో ఆయన్ను ఎన్నడూ నువ్వు అనని మనిషి. "నీ కాళ్ళతో మాట్లాడాను ఏడేళ్ళు! బానెట్ కిందే ఉన్నావు! ఒక్కసారి వచ్చి ఆ గొట్టం విప్పి చూశావా నువ్వు? పడ్డ బండి ముట్టుకోకూడదా? చుట్టేటప్పుడు ముట్టుకోవచ్చా?"

ఎవరూ ఆపలేదు. అరిచి అరిచి ఆవిడే ఆగింది. రొప్పుతూ లామా వైపు తిరిగింది.

లామా హర్కధోజ్‌ను చూశాడు. హర్కధోజ్ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. లామా కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, వినబడే చెవిని ఆవిడ వైపు తిప్పాడు.

"పేరు చెప్పమ్మా."

"తెండుప్," అంది అత్త. గట్టిగా, గొంతు పగిలేలా. "చిత్రే తెండుప్."

లామా చదివాడు. దీపం వెలిగించడానికి డికీ ముందుకొచ్చింది. చేతిలో అగ్గిపుల్ల వెలగలేదు. ఇంకోటీ వెలగలేదు. అత్త అగ్గిపెట్టె తీసుకుని తనే వెలిగించింది. తర్వాత గ్యాల్జెన్ చేతిలోని పీలికను తీసి ఆకుపచ్చ కుట్టును దగ్గరగా చూసింది.

"బాగా కుట్టావు డికీ," అంది. "ఏడేళ్ళు పెట్రోల్లో నానినా దారం ఊడలేదు."

డికీ అక్కడే కూలబడిపోయింది. అత్త ఆవిడను లేపలేదు. పక్కనే తనూ కూర్చుంది. కాసేపటికి ఒక చెయ్యి డికీ వీపు మీదికి వెళ్ళింది. అది ఓదార్పో, తను పడిపోకుండా పట్టుకోవడమో యాంగ్జీకి తెలియలేదు.

గ్యాల్జెన్ నట్టు పట్టుకుని ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. "దీదీ, ఇది..."

"ఇలా ఇయ్యి." నట్టు లాక్కుని శాలువా కొసన ముడేసుకుంది. "ఇది ఆయనది. నీ బండికి ఇంకోటి వెతుక్కో."

అప్పుడు వరసలో ఎవరో బానెట్ ఎత్తిన చప్పుడు వినబడింది. అందరూ అటు తిరిగారు. హర్కధోజ్. సంఘం పెద్ద తన బండిలోకే తొంగి చూస్తున్నాడు. పానా తిరిగింది. గొట్టం ఊడింది. వేళ్ళు లోపలికి పెట్టి లాగాడు. ఎర్ర పీలిక ఒకటి వచ్చింది. దాని ఒక కొస గొట్టం నోట్లోకి అప్పటికే సగం దిగి ఉంది. డీజిలు చుక్కలు కారుతున్నాయి.

"అయ్యో," అన్నాడాయన. ఎవరితోనూ కాదు.

మరో బానెట్ లేచింది. ఆ తర్వాత వరసలో బానెట్లన్నీ లేచాయి. బంతిపూలు తెగి కింద రాలుతున్నాయి. నీలం పీలిక, తెల్ల పీలిక, పసుపు పీలిక. కొన్ని మర మీదే బుద్ధిగా ఉన్నాయి. కొన్ని గొట్టంలోకి జారిపోయి ఉన్నాయి.

"ఏ బండి ముందు బయల్దేరుతుంది?" అని ఒక యాత్రికుడు అడిగాడు.

మంత్రాల గుడ్డను నేల మీద పడేయకూడదు. జేబులో పెట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. జిడ్డోడుతున్న పీలికలు వేళ్ళ చివర పట్టుకుని, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక, మగాళ్ళంతా తమ బండ్ల పక్కన అలాగే నిలబడి ఉన్నారు.